మూడువందల లెన్స్

"లోయంతా పడాలంటే తొంభై ఎంఎం లెన్స్ పెట్టు, అన్నయ్యా!"

మెరిల్ వినలేదు. దూరపు కొండ ఒక్కదాన్నే దగ్గరకు లాగే మూడువందల లెన్స్‌ను పెద్ద చెక్క కెమెరాకు బిగించాడు. "నాకిదే ఇష్టం."

"ఎప్పట్నించో? ఒకప్పుడు ఈ యూటా ఆకాశం సగం ఫొటోలో పడకపోతే నీకు ముద్ద దిగేది కాదుగా!"

చెల్లెలు థోరా అతని పక్కకొచ్చి కాఫీ కప్పు అందించబోయింది. అతను చూడలేదు. చెవి దగ్గరగా ఊపినా తల తిప్పలేదు.

"అన్నయ్యా... నీకు పక్కన కనిపించట్లేదా?"

మెరిల్ కళ్లకు రెండువైపులా అరచేతులు అడ్డుపెట్టుకున్నాడు. "ఇంతే కనిపిస్తోంది. ఏటికేడు ఈ గోడలు దగ్గరకొస్తున్నాయి. తొంభై పెడితే, నేనిక చూడలేనిదంతా కెమెరా వెనక అద్దం మీద కనబడుతుంది. భయమేస్తుందే. ఇదైతే నేను చూసేదే చూపిస్తుంది."

మొండితనమనుకుని ఎగతాళి చేసినందుకు థోరా సిగ్గుపడింది. అంతలోనే ఆమె చూపు కారు మీద పడింది.

"ఇక్కడిదాకా కారు నువ్వే నడిపావు! తాళాలిలా ఇవ్వు."

"ఇచ్చేస్తే ఇక ఇంట్లో నాలుగు గోడలేగా నాకు!"

"నేను నడుపుతా. ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పు."

మెరిల్ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత అద్దం చూసే నెపంతో, వెలుతురు పడకుండా కెమెరాకు కప్పే నల్లగుడ్డను తల మీదుగా కప్పుకుని, చాలాసేపు బయటికి రాలేదు.