సంచిలో పట్టనిది కావాలి

"దీన్ని ఒకసారి నా సంచిలో పెట్టి చూస్తానన్నా," అంది మహేశ్వరి.

షాపు అస్లాం చిన్న ల్యాప్‌టాప్‌ను మూసి ఆమె ముందుకు జరిపాడు. మహేశ్వరి భుజానికున్న గుడ్డసంచిలోంచి పిల్లాడి చొక్కాలు, నీళ్ళసీసా తీసి బల్ల మీద పెట్టింది. ల్యాప్‌టాప్‌ను లోపలికి దింపింది. అది సులువుగా దిగిపోయింది.

"చూసినావా అక్కా, కొలత తీసి కుట్టించినట్టుండాది," అన్నాడు అస్లాం.

"అవును. అందుకే ఇది వద్దు. పెద్దది చూపించు."

అస్లాం నవ్వాడు. "అందరూ పడుతుందా లేదా అని చూస్తారు. నువ్వేందక్కా, పట్టకూడదని చూస్తాండావు?"

మహేశ్వరి చిన్నదాన్ని సంచిలోంచి బయటికి తీసింది. మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె మామ నల్లప్ప మనవడిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడాదిన్నర ఆనంద్ తాత తువ్వాలు అంచు నములుతున్నాడు. నాలుగు గొర్రెలను అమ్మిన దుడ్లు నల్లప్ప బనియను జేబులో ఉన్నాయి.

పెద్దది వచ్చింది. సంచిలో సగం దిగి ఆగిపోయింది. మహేశ్వరికి కాస్త ఊపిరాడింది.

"ఇంత పెద్దది ఎవురికక్కా?"

"మా ఆడబిడ్డకు. డిగ్రీ ఆఖరు సంవత్సరం. వచ్చే నెలలో ఉద్యోగం పరీక్షలుండాయి. ముందుండేది పోయింది."

"యాడ పోయింది?"

"ఇంట్లోనే."

అస్లాం తల గోక్కున్నాడు. "ఇంటి దొంగైతే పెద్దది తీసుకొని ఏం లాభమక్కా? మా వీధిలో ఫ్రిడ్జే ఎత్తుకపోయినారు."

నల్లప్ప కిందికి చూశాడు. మహేశ్వరి ఫోను మోగింది. ఆడబిడ్డ చైతన్య.

"వదినా, తీసుకుంటిరా? చిన్నదే తీసుకో. సోమందేపల్లె నుంచి రోజూ బస్సులో నిలబడి మోసేది నేను."

"పెద్దదైతే అక్షరాలు బాగా అగపడతాయి కదా పాపా."

"నా కండ్లు బాగనే ఉండాయిలే." గొంతు తగ్గించింది. "ఆయన పక్కనే ఉండాడా?"

"ఉండాడు. మాట్లాడతావా?"

"వద్దు." ఫోను పెట్టేసింది.

రెండు నెలలుగా చైతన్య తండ్రిని నాయనా అని పిలవడం లేదు. జ్వరంతో ఆనంద్‌కు ఫిట్స్ వచ్చి, అనంతపురం ఆస్పత్రిలో పెట్టినప్పటి సంగతి అది. మహేశ్వరి మొగుడు ఆంజి బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. పిల్లాడి దగ్గర తన తల్లిని ఉంచి, రెండో రోజు మధ్యాహ్నం గుడ్డల కోసం మహేశ్వరి ఊరికి వచ్చిపోయింది. సాయంత్రం చైతన్య కాలేజీ నుంచి వచ్చేసరికి గూట్లో ల్యాప్‌టాప్ లేదు. ఇంటికి కాపలా ఉండాల్సిన నల్లప్ప కూడా లేడు. పొద్దు మునిగాక వచ్చాడు. యాడికి పోయింటివి అని కూతురు అడిగితే చెప్పలేదు. అప్పుడప్పుడు తాగే మనిషి. ఊరికి ఆ మాత్రం చాలు.

పెద్దమనిషి చౌడప్ప ప్రమాణం పెట్టించాడు. ఇంట్లో వాళ్ళందరూ ఆంజనేయస్వామి గుడి ముందు తీయలేదని చెప్పి వరసగా మండే కర్పూరం ఆర్పాలి. పెద్దవాడి నుంచి మొదలు. అబద్ధంగా ఆర్పితే ఇంట్లో చిన్నబిడ్డకు తగులుతుందని అక్కడందరికీ భయం. నల్లప్ప కర్పూరం ముందు నిలబడ్డాడు. అది మండి మండి దానంతటదే ఆరిపోయింది.

"నేను ఆర్పను," అన్నాడు. "నేనే అనుకోండి. ఇంక ఇండ్లకు పోండి."

వెనక నిలబడిన ఆడవాళ్ళు ఆర్పే పని పడలేదు. కొత్తది కొనివ్వాలని చౌడప్ప తీర్పు చెప్పాడు. నల్లప్ప గొర్రెలను తోలుకుని సంతకు పోయాడు.

"పిల్లోడు చిక్కిపోయినాడే," అన్నాడు అస్లాం, ఆనంద్ బుగ్గ తాకి.

"ఇప్పుడు నయమే అన్నా. ఆస్పత్రిలో కట్టేకి మా అమ్మ దుడ్లు ఇచ్చింది కాబట్టి సరిపోయింది," అంది మహేశ్వరి. ఎవరూ అడగకుండానే ఎందుకు చెప్పానా అనుకుంది.

నల్లప్ప మనవడిని ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. షాపులోకి వచ్చాక మొదటిసారి నోరు విప్పాడు.

"చిన్నదే తీసుకోమ్మా. పాప అడిగింది అదే కదా."

"మళ్ళీ పోతే, మామా?"

"పోదులే."

"ఎట్ల చెప్తావు?"

"పోదు. నేను చెప్తాండా కదా."

అస్లాం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మహేశ్వరి రెండు చేతులతో పెద్ద ల్యాప్‌టాప్‌ను పట్టుకుంది.

"నాకు పెద్దదే కావాలి మామా. కష్టం మీద పడినప్పుడు మనిషికి ముందూ వెనకా తెలీదు. చేతికి అందింది ఎత్తుకపోతారు. ఇంకోసారి పోతే పాప చదువు ఆడికే నిలిచిపోతాది. నా చదువు నిలిచిపోయినట్ల."

మామను మొహం మీదే అంత మాట అనిందే అని అస్లాం తల పక్కకు తిప్పుకున్నాడు. నల్లప్పకు కోపం రాలేదు. లేచి వచ్చి, జేబులోని దుడ్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"చిన్నది కట్టియ్యప్పా," అన్నాడు. "బిల్లు చైతన్య పేరు మీద రాయి."

అస్లాం బిల్లు పుస్తకం కోసం లోపలి గదికి పోయాడు. నల్లప్ప కోడలి చేతుల్లోంచి పెద్దదాన్ని మెల్లగా విడిపించి పక్కన పెట్టాడు. చిన్నదాన్ని ఆమె చేతుల్లో ఉంచాడు. మహేశ్వరి తలెత్తలేదు.

"భయపడొద్దు," అన్నాడు ఆయన, పిల్లాడికి కూడా వినబడనంత మెల్లగా. "ఆ పొద్దు నువ్వు దాన్ని అమ్మేకి పోయిన బస్సులో, నీ వెనక సీట్లోనే ఉంటినమ్మా."