గల్లీ చివరి బార్

శనివారం సాయంత్రం ఏడు గంటలకు విజయశ్రీ ఫోన్ మోగింది. భర్త దశరథ లొకేషన్ పంపాడు.

ప్రతి శనివారం పంపాల్సిందే. తాగుడు ఎలాగూ మాన్పించలేకపోయింది, ఎక్కడ తాగుతున్నాడో అయినా తెలియాలని ఆమె పెట్టిన షరతు అది.

మ్యాప్ తెరిచి ఉలిక్కిపడింది.

నీలం చుక్క చైతన్యపురిలో ఉంది. తమ గల్లీ చివరనే.

నాలుగు నెలల కింద ఆ చుక్క హయత్‌నగర్ హైవే మీద కనిపించేది. తర్వాత ఎల్‌బీ నగర్ చౌరస్తాకు వచ్చింది. పోయిన నెల కొత్తపేట. ఇప్పుడు ఇంటి ముంగిట్లోకే వచ్చేసింది.

"గీ బార్లన్నీ ఎవరు సెలెక్ట్ చేస్తున్రు?" అని ఒకసారి అడిగింది.

"రాజయ్య అని, నాకు తెల్సినాయన. ఏ బార్‌కు పోవాల్నో ఆయనే చెప్తడు."

ఎవరీ రాజయ్య? లిఫ్టు మెకానిక్‌గా పనిచేసే మొగుడికి ఆ పేరుతో ఒక దోస్తు ఉన్నట్టు పదిహేనేళ్ల కాపురంలో ఎన్నడూ వినలేదు. ఏం పని చేస్తాడని అడిగితే దశరథ మాట దాటేశాడు. అప్పటినుంచీ ఆమె మనసును అనుమానం పురుగులా తొలుస్తూనే ఉంది.

పొయ్యి ఆపి, చెప్పులేసుకుని బయల్దేరింది.

అది ఎవరూ కోరి వచ్చే బార్ కాదు. చిరిగిన సీట్లు, గరగరమనే ఫ్యాను, చెమ్మ పట్టిన గోడలు. హైవే మీద ఏసీ హాలు వదిలిపెట్టి ఈ కొంపకెందుకు తీసుకొచ్చినట్టు?

కమిషనే, అనుకుంది.

మూల టేబుల్ దగ్గర దశరథ. ఎదురుగా యాభై దాటిన బక్కపలచటి మనిషి.

"నువ్వేనా రాజయ్యవు?"

ఆయన లేచి నిలబడ్డాడు. "అవునమ్మా."

"మా ఆయనకు నువ్వేమైతవ్?"

"ఏం గాను."

"ఏం గానోడివి, వారం వారం ఎందుకు తగులుకున్నవ్?"

రాజయ్య దశరథ వైపు చూశాడు. దశరథ తల దించుకున్నాడు.

"యాడనో హయత్‌నగర్‌ల ఉన్న ఈయన తాగుడును మా గల్లీ దాక తెచ్చినవ్. వచ్చే నెల మా ఇంట్లనే టేబులేస్తవా? ఒక్కో గిరాకీకి ఎంతిస్తున్రు నీకు?"

పక్క టేబుళ్లవాళ్లు నవ్వారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"నేనింక రానమ్మా. ఒక్క మాట మాత్రం వినుండ్రి. తాగితే ఈడ్నే తాగుమనుండ్రి. దూరం పోనియ్యకుండ్రి."

"విన్నవా? పోతా పోతా గూడ బార్ ముచ్చటే!"

రాజయ్య మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికి నడుస్తూ ఆమె ఎంత అడిగినా దశరథ ఒక్కటే అన్నాడు. "రానన్నడు గద విజయా, ఇంక ఇడిసిపెట్టు."

రెండు శనివారాలు అతను ఇంట్లోనే ఉన్నాడు. "పీడ పోయింది పిన్నీ," అని పక్కింటి అండాలమ్మతో విజయశ్రీ సంబరంగా చెప్పుకుంది.

మూడో శనివారం పాత దోస్తులు పిలిచారని బండి తీశాడు. కాసేపటికి లొకేషన్ వచ్చింది. హయత్‌నగర్.

ఆ రాజయ్య అయితే పక్కన లేడు కదా అని ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది.

గంటన్నర తర్వాత ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "దశరథ మీ ఇంటాయననా? యాక్సిడెంట్ అయింది. జర జల్ది దవాఖానకు రాండ్రి."

ఆటో దిగి పరుగెత్తింది. ఆపరేషన్ థియేటర్ ముందు స్ట్రెచర్ మీద దశరథ కళ్లు తెరిచే ఉన్నాడు. కుడికాలు చూసి ఆమె ముఖం తిప్పుకుంది.

"విజయా... రాజయ్య తప్పేం లేదు."

"ఇప్పుడా ముచ్చటెందుకు?"

"చెప్పనీ. ఎండకాలంల గా హైవే మీదనే తాగి బండి మీదికెల్లి పడ్డ. మెట్ల మీద జారిపడ్డనని నీకు అబద్ధం చెప్పిన. గప్పుడు నన్ను లేవట్టింది ఆయనే. ఇంట్ల చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్న."

"మరి కూసోబెట్టి తాగిపిచ్చుడేంది?"

"ఆయన తాగేది సోడా. 'నీ తాగుడు మాన్పిచ్చుడు నా చేతగాదు, తాగి బండి నడుపుడన్న మాన్పిస్త' అన్నడు. నెల నెలా జర దగ్గరి బార్ ఎతికిండు. మన గల్లీ చివరికి నేను నడిచే పోయిన."

నిజమే. తను బార్‌కెళ్లి గొడవ పడ్డ ఆ సాయంత్రం బండి గుమ్మం ముందే ఉంది. దాని పక్కనుంచే ఆమె కోపంగా నడిచి వెళ్లింది.

స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. డాక్టర్ బయటికొచ్చింది.

"ప్రాణానికి ఫర్వాలేదమ్మా. కాలు మాత్రం మోకాలి దాకా తీసెయ్యాలి. అంబులెన్స్‌లో తీసుకొచ్చినాయన రోడ్డు మీదే కట్టు బిగించి రక్తం ఆపాడు. లేకపోతే మనిషే దక్కేవాడు కాదు."

విజయశ్రీ గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. ఒక్క శనివారం. ఆయన్ను ఒక్కసారి కూర్చోమని, ఎవరు నువ్వని నెమ్మదిగా అడిగి ఉంటే?

"పేషెంట్ తాలూకు ఎవరు? ఈడొక సంతకం గావాలె."

కళ్లు తుడుచుకుని తలెత్తింది.

కాగితం చాపి, యూనిఫాం చొక్కా నిండా దశరథ రక్తంతో నిలబడిన ఆ అంబులెన్స్ డ్రైవరు రాజయ్య.