గోడ అవతలి మిషను

గోడ పెళ్ళ ఒకటి ఊడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్న రొట్టెల మేస్త్రి నోట్లో పడింది.

తుపుక్కున ఉమ్మి లేచి కూర్చున్నాడు.

ఇవతల పాప కేర్‌మంటోంది. అవతల కుట్టుమిషను టకటకమంటోంది.

"మళ్ళీ మొదలెట్టాడండీ పక్కింటాయన!" అంది భార్య, పాపను భుజాన వేసుకుంటూ.

పాత ఇల్లది. మధ్యలో గోడ పెట్టి ఒక ఇంటిని రెండు చేశారు. ఆ గోడ ఎంత పల్చనంటే, అటువైపు ఆవులిస్తే ఇటువైపు నోళ్ళు తెరుచుకునేవి.

మేస్త్రి రాత్రంతా బేకరీలో పిండి పిసికి, పగలు పడుకోవాలి. మొన్న పొయ్యి ముందే కునుకు తీస్తే రొట్టెలన్నీ బొగ్గులయ్యాయి.

"ఇంకోసారి మాడ్చావో, రొట్టెలతోపాటు నువ్వూ బయటికే" అన్నాడు యజమాని.

విసవిసా వెళ్ళి పక్కింటి తలుపు బాదాడు మేస్త్రి.

సోడాబుడ్డి కళ్ళద్దాల ముసలాయన తలుపు తీశాడు.

"ఏం పెద్దాయనా, ఊరందరి బట్టలూ మీరే కుడుతున్నారా?"

"పాప పడుకుందా నాయనా?"

మేస్త్రికి ఒళ్ళు మండింది.

"లేపేదీ నువ్వే, పడుకుందా అని అడిగేదీ నువ్వేనా?"

"అది కాదు నాయనా, పాప..."

"పాప ఊసెత్తకు. మిషను ఆపు, చాలు!"

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే పాట. ఇటు కేర్, అటు టకటక.

మేస్త్రి బేకరీ నుంచి గోనెసంచులు మోసుకొచ్చాడు. పాతగుడ్డలు కుక్కి గోడ పొడవునా పైకప్పు దాకా పేర్చాడు. వాటికి పరుపు అడ్డం పెట్టాడు. పరుపుకి బీరువా ఆనించాడు.

ఇల్లు కాస్తా గోడౌనయింది. మొగుడూ పెళ్ళాం ఎదురుపడితే ఒకరు మంచమెక్కి దారివ్వాలి.

మోత తగ్గింది. పాప ఏడుపు మాత్రం పెరిగింది. దాంతో మిషను ఇంకా జోరందుకుంది.

"చూశారా, కావాలనే తొక్కుతున్నాడు!"

"ముసలాడివి కాళ్ళు కావే, రైలు చక్రాలు!"

మేస్త్రి, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గరికి పరిగెత్తాడు.

"ఆయనుండాలో మేముండాలో తేల్చండమ్మా."

"ఒంటరి మనిషి బాబూ, ఎక్కడికెళ్తాడు?"

"నా ఉద్యోగం పోతే మేమెక్కడికెళ్తాం?"

ఆ వారంలోనే ముసలాయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

అవతల చీమ తుమ్మినా వినిపించేంత నిశ్శబ్దం. మేస్త్రి సంబరంగా ముసుగు తన్నాడు.

పాప కేర్‌మంది.

ఊపారు. గిలక ఆడించారు. మేస్త్రి కోతిలా గెంతాడు. ఆగలేదు. సాయంత్రం దాకా ఆగలేదు. మర్నాడూ అంతే.

ఆ మర్నాడు పొద్దున్నే మేస్త్రి మాడిన రొట్టెలకన్నా నల్లటి మొహంతో ఇల్లు చేరాడు. ఉద్యోగం ఊడింది.

ఇప్పుడెవరి మీద అరవాలో తెలియక, గోనెసంచుల మీద పడ్డాడు.

"అమ్మా, ఈ దరిద్రమంతా పక్క గదిలో పడేస్తాను, తాళం తీయండి."

ఇంటావిడ తాళం తీసింది. వెనకే ఏడుస్తున్న పాపతో భార్య వచ్చింది.

గదంతా ఖాళీ. మూలన మిషనొక్కటే ఉంది.

"దీన్నొదిలేసి పోయాడేం?" అంటూ మేస్త్రి కసికొద్దీ తొక్కాడు.

టకటకటక.

పాప టక్కున ఏడుపాపింది. వేలు నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

మేస్త్రి కాలు ఆపాడు. పాప కేర్‌మంది.

తొక్కాడు. పాప ఊరుకుంది.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మేస్త్రి తొక్కుతూనే వంగి మిషనుని పరకాయించాడు. గుడ్డ లేదు, దారం లేదు.

"సూదేదమ్మా దీనికి?"

"సూదెందుకు బాబూ, చూపు ఆనక ఆయన కుట్టడం మానేసి ఏళ్ళయింది" అంది ఇంటావిడ. "పాప ఏడ్చినప్పుడల్లా ఊరికే తొక్కేవాడట, ఇకమీదట మిమ్మల్ని తొక్కుకోమని మిషను వదిలి వెళ్ళాడు, మీ కోపం చూసి నేనే చెప్పలేకపోయాను."