పళ్ళ సందుల్లో అబద్ధం

"అబద్ధమాడకండి సార్. మీ చిగుళ్ళు నిజం చెప్పేస్తన్నాయి," అన్నాడు డాక్టర్ ఉదయ్‌కుమార్.

కుర్చీలో వెల్లకిలా పడుకున్న దయాసాగర్ వెంటనే ఒప్పుకోలేకపోయాడు. నోట్లో డాక్టర్ పెట్టిన చిన్న అద్దం ఉంది. అది తీశాక నెమ్మదిగా అన్నాడు.

"పళ్ళ సందుల్లో దారంతో ఫ్లాస్ ఎప్పుడూ చెయ్యలేదు బాబూ. బ్రష్ ఒక్కటే."

"మరి రోజూ చేస్తన్నానన్నారు?"

"ఇంట్లో రోజూ అదే చెప్తాను కదా, అలవాటుగా వచ్చేసింది. మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతాది, 'చేసేరా?' అని. నేను బాత్రూంలో కుళాయి తిప్పి 'చేసేను' అంటాను."

"అసలు ఫ్లాస్ కొన్నారా?"

"డబ్బాలకి డబ్బాలున్నాయండి ఇంట్లో."

ఉదయ్‌కుమార్‌కి నవ్వొచ్చింది. చోడవరంలో అతను క్లినిక్ పెట్టి ఏడాది కాలేదు. బుచ్చయ్యపేట నుంచో రోలుగుంట నుంచో పన్ను పీకించుకోవడానికి వస్తారు, నొప్పి తగ్గగానే మాయమవుతారు. ఈయన మాత్రం అనకాపల్లి నుంచి బస్సెక్కి వచ్చాడు. అక్కడ అంతమంది డాక్టర్లుండగా తన దగ్గరికి రావడం ఉదయ్‌కుమార్‌కి గర్వంగా ఉంది.

"నా గురించి ఎవరు చెప్పేరు సార్?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. ఈ ఊళ్ళో నన్నెరిగినోళ్ళు లేరు కదాని వచ్చేను."

గర్వం కాస్త తగ్గింది. "కింది పన్నొకటి కదుల్తోంది. ఇలాగే వదిలేస్తే ఊడిపోతుంది."

దయాసాగర్ ముఖం పాలిపోయింది. "ఊడితే దొరికిపోతాను. చర్చిలో కూడా మా ఆవిడ నన్నే చూపిస్తాది. 'మా ఆయన్ని చూసి నేర్చుకోండి, ఒక్కరోజు మానరు' అని."

"ఆవిడెప్పుడూ అనుమానపడలేదా?"

"నా మాటంటే అంత నమ్మకం బాబూ. నోరు తెరిచి చూపించమని ఎప్పుడూ అడగలేదు."

"అయితే ఇప్పట్నుంచి నిజంగానే చెయ్యండి."

ఉదయ్‌కుమార్ మూరెడు దారం తెంపి తన నడిమివేళ్ళకి చుట్టుకున్నాడు. "చెరుకు కోసినట్టు లాగేయకూడదు. మెల్లగా దించాలి. పన్నుని వాటేసుకున్నట్టు వంచి, చిగురు అంచు కిందిదాకా పోనిచ్చి, పైకీ కిందకీ రుద్దాలి. పక్క సందుకి వెళ్ళేటప్పుడు కొత్త దారం ముక్క రావాలి. మొదట్లో కాస్త రక్తమొస్తుంది, మానెయ్యకండి."

ఆ రాత్రి నుంచి బాత్రూంలో కుళాయి కట్టేసే ఉంది. రక్తం చూసి దయాసాగర్ బెదిరిపోయి ఫోన్ చేశాడు. "ఇంకా మెల్లగా చెయ్యండి, ఆగుతుంది," అన్నాడు ఉదయ్‌కుమార్. నిజంగానే ఆగింది. ఒకసారి భార్య చుట్టాల పెళ్ళికని రావికమతం వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అడిగేవాళ్ళు లేరు కదా అని దయాసాగర్ మంచమెక్కాడు. నిద్రపట్టలేదు. లేచి దారం తెంపాడు. ఇన్నేళ్ళు 'చేసేను' అన్నప్పుడు లేని హాయి ఆ రాత్రి కలిగింది.

రెండు నెలల తర్వాత మళ్ళీ చోడవరం వచ్చాడు. చిగుళ్ళు గులాబీరంగులోకి తిరిగాయి. కదిలే పన్ను గట్టిపడింది. ఉదయ్‌కుమార్ సంబరంగా ఫోన్ తీసి పళ్ళకి ఫోటోలు తీశాడు.

"ఇవి మా మేడమ్‌కి పంపిస్తాను సార్. కాలేజీలో మాకు పాఠాలు చెప్పేరు. ఇప్పుడు మీ అనకాపల్లిలోనే ప్రాక్టీసు చేస్తన్నారు. డాక్టర్ గ్లోరియా గారు."

దయాసాగర్ కుర్చీలో లేచి కూర్చున్నాడు. "వద్దు బాబూ!"

"మీ పేరు చెప్పను సార్. ముఖం కూడా పడలేదు, ఒట్టి పళ్ళే."

"పళ్ళు చాలు బాబూ, పట్టేస్తాది."

"మీ పళ్ళు ఆవిడకెలా తెలుసండి?"

దయాసాగర్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆవిడే మా ఆవిడ."