మీట దించిన చోటు

ఆ లావుపాటి ముసలాయన చెప్పాపెట్టకుండా చెయ్యి చాపి, కొట్లో లాసెల్స్ పరీక్షిస్తున్న సౌండ్ మిక్సర్ మీట కిందికి లాగేశాడు.

పాట ఠక్కున ఆగిపోయింది.

"ఏం పెద్దాయనా, చెయ్యి దురదగా ఉందా?" అన్నాడు లాసెల్స్.

"విను. ఏమైనా మిగిలిందా?"

"ఏం మిగులుతుంది? నువ్వు పీక నొక్కేశావుగా!"

"అదే చెప్తున్నా. గొంతుతో పాటు ఎకో కూడా చచ్చింది. ఇది నీకు పనికిరాదు నాయనా."

కౌంటర్ వెనక ఎగ్బర్ట్‌కి ఒళ్లు మండింది. కింగ్‌స్టన్ మొత్తం మీద ఇలాంటి సరుకు తన కొట్లోనే ఉందని పొద్దుట్నించి ఊదరగొడుతున్నాడు మరి.

"పన్నెండు ఛానెళ్లు, రంగురంగుల దీపాలు. ఇంకేం కావాలి?" అన్నాడు.

లాసెల్స్‌కి కావలసింది చంకన పెట్టుకుపోయేంత చిన్న మిక్సర్. శనివారాల్లో వీధి డాన్సులకి పాటలు వేసే తన సౌండ్ సెట్టుకి, మిగతా రోజుల్లో ఇంట్లో రికార్డింగుకి అదొక్కటే సరిపోవాలి. ఇంట్లో చేయదలచుకున్న పని కూడా ఒక్కటే, వాళ్లమ్మ ఐసిల్డా పాట.

ఆవిడ జన్మలో పాడింది ఒకే ఒక్క పాట. కిందటేడు గొంతుకి ఆపరేషనయ్యాక ఆవిడకి మాట కూడా పోయింది. ఆ గొంతు ఇప్పుడు ఒక అరిగిపోయిన రికార్డులో తప్ప లోకంలో ఎక్కడా లేదు. అందులోనూ రెండో చరణం మధ్యలో గొంతు మాయమై ఎకో ఒక్కటే మిగులుతుంది. ఆ పనితనానికి అప్పట్లో ఊరంతా జేజేలు కొట్టింది. లాసెల్స్‌కి మాత్రం ఆ మాయమైన ముక్క కావాలి. అది అసలు టేపులోనే ఉంటుంది. టేపు దొరకాలంటే ఆ పాట మిక్స్ చేసినవాడు దొరకాలి.

ఎలా దొరుకుతాడు? పోటీ సెట్టువాడి కంట పాట పేరు పడకూడదని, వాళ్ల నాన్న బతికుండగా రికార్డు మీది కాగితాన్ని మేకుతో గోకిపారేశాడు. మిక్స్ చేసినవాడి పేరూ దాంతోపాటే పోయింది. సౌండ్ సెట్ల వాళ్లంతా చేసే పనే అది. అమ్మకి తెలిసిందల్లా ఆ మనిషిని అందరూ "బక్కోడా" అని పిలిచేవారని. కింగ్‌స్టన్‌లో బక్కోళ్లు వీధికి పదిమంది. ఏడాదిగా లాసెల్స్ కనిపించిన ప్రతి బక్క ముసలాడినీ ఆపి అడుగుతూనే ఉన్నాడు.

"అదిగో, ఆ బూడిద రంగుది పెట్టు," అన్నాడు ముసలాయన.

"అదా? ఎనిమిదే ఛానెళ్లు. పైగా వాడేసిన సరుకు," అని మూతి విరిచాడు ఎగ్బర్ట్.

"ఇలా చూడు నాయనా. ఎకోకి పంపే నాబ్ పక్కన ఈ బుల్లి బటనుందే, కిటుకంతా దీంట్లోనే ఉంది. నొక్కావనుకో, గొంతు మీట దాకా రాకముందే బయటికెళ్తుంది. స్టేజీ మీద పాడేవాడి ముందుండే స్పీకర్ బాక్సుకి అలాగే వెళ్లాలి. నువ్వు జనానికి తగ్గించినా వాడికి వినబడాలిగా! బటన్ వదిలేస్తే మీట దాటాక వెళ్తుంది. ఇంట్లో పనికి ఎక్కువగా అది వాడుకుంటావు. రెండూ చేసేది కొనుక్కో. దీపాలు చూసి మోసపోకు."

వెంట తెచ్చిన అమ్మ రికార్డుని లాసెల్స్ దానికి కలిపి మళ్లీ పెట్టాడు. బటన్ నొక్కి మీట కిందికి లాగాడు.

అమ్మ గొంతు పోయింది. ఎకో మాత్రం కొట్టంతా తిరుగుతూ ఉండిపోయింది.

మీట పైకి తోశాడు. పాట రెండో చరణంలోకి వచ్చింది.

ముసలాయన గబుక్కున రికార్డు మీదికి వంగాడు. "ఈ పాట నీకెక్కడిది?"

లాసెల్స్ చప్పున అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడిదైతే నీకెందుకు?"

"ఇక్కడ పాడే పిల్ల నవ్వేసింది. అందుకే మీట లాగాల్సొచ్చింది. టేపులో ఆ నవ్వు భద్రంగా ఉంది."

"ఊరంతా మెచ్చుకున్న పనితనం పిల్ల నవ్వితే వచ్చిందా? ఇంకా నయం! ఎవరు పంపారు నిన్ను? ఏ సెట్టువాడు?"

"ఎవరూ పంపలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు..."

"నాలుగు మంచిమాటలు చెప్పి, పాట కూపీ లాగి, రేపు పోటీలో నా మీదే పెడదామనా? ఇలాంటి గూఢచారుల్ని చాలామందిని చూశాం. నడు బయటికి!"

"ఒక్క మాట విను నాయనా..."

"నడవమన్నానా!"

ముసలాయన టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి లాసెల్స్ బూడిద రంగు మిక్సర్‌ని బల్ల మీద పెట్టాడు. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని పాట పెట్టాడు.

"కొట్లో ఓ తిక్క ముసలాడు తగిలాడమ్మా. పీపాలా ఉన్నాడు. ఇక్కడ నువ్వు నవ్వావట, అందుకే మీట లాగేశారట! ఆ నవ్వు టేపులో భద్రంగా ఉందట! కోతలకైనా హద్దుండాలి."

ఐసిల్డా కొడుకు మణికట్టు గట్టిగా పట్టుకుంది. గుమ్మం వైపు చూపించి, వెళ్లు, వెళ్లి తీసుకురా అన్నట్టు అతన్ని తోసింది.

లాసెల్స్ ఎగ్బర్ట్‌కి ఫోన్ చేశాడు.

"ఆయనా? నువ్వు గెంటేశాక తిన్నగా ఎయిర్‌పోర్టుకి టాక్సీ ఎక్కాడు. టొరంటోలో ఉంటాట్ట, చెల్లెలి అంత్యక్రియలకొచ్చాట్ట. ఈపాటికి విమానం ఎగిరిపోయి ఉంటుంది."

"పేరు? పేరేమైనా చెప్పాడా?"

"నేనడగలేదు. నువ్వడిగావా?"

లాసెల్స్ ఫోన్ పెట్టేశాడు.

ఐసిల్డా నోటుబుక్కు తీసి, తుడుచుకున్నకొద్దీ నిండుతున్న కళ్లతో రాసి అతని ముందు పెట్టింది:

"పాడుతుంటే కడుపులో నువ్వు తన్నావు, నవ్వేశాను, ఆ సంగతి మీ నాన్నకి కూడా చెప్పలేదు, ఆ రోజు ఆ గదిలో ఉన్నది నేనూ, నువ్వూ, మీట లాగిన బక్కోడూ, అంతే."