ముగ్గు లేని వాకిలి

హగరి ఏరు ఎండిపోయాక దాని ఇసుక ఏటికేడు లేచి హిరేదిన్నె ఊరి మీద పడింది. మొదట చేలు పోయాయి, తరువాత కింది వీధి పోయింది. జనం ఒక్కొక్కరే మూట కట్టుకుని వెళ్లిపోగా మిగిలింది పై వీధి, అందులో ఉలిగమ్మ ఒక్కతే.

ఆ కాలంలో జనాభా లెక్కకు మనుషులెవరూ ఊళ్లకు రావడం లేదు. ఆకాశంలో తిరిగే కన్ను తెల్లారేసరికి వాకిళ్లను చూస్తుంది. ముగ్గుంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒక్క ఇల్లే మిగిలిన ఊరికి నీళ్ల బండి రాదు. అందుకే ఉలిగమ్మ రోజూ చీకటితోనే లేచి, వీధి పొడవునా ఇసుక ఊడ్చి, అందరి వాకిళ్లలోనూ ముగ్గు పెట్టేది.

"ఏం వన్నూరక్కా, ఇంగా లేయలేదా? నీ వాకిలి గూడా నేనే ఊడ్చాల్నా?" అని తలుపుకున్న తాళంతో పోట్లాడేది.

ఆ రోజు గాలి ఎక్కువ. చెరిగిన ముగ్గే మళ్లీ వేస్తూ వీధి చివరికి చేరేసరికి పొద్దు పొడిచింది. డ్రైవరు లేని నీళ్ల బండి వచ్చి, ఇంటింటి ముందూ ఆగి తొట్లు నింపింది. ఆమె ఇంటి ముందు మాత్రం ఆగలేదు.

"ఈ ఇంట్లో ఎవరూ లేరు," అంది బండి.

అప్పుడు చూసుకుంది ఉలిగమ్మ. తన వాకిట్లో ముగ్గు పెట్టడం మరిచిపోయింది.

"నేనుండా గదప్పా," అంది. బండి అప్పటికే మలుపు తిరిగింది.

బిందె తీసుకుని వన్నూరక్క ఇంటికి వెళ్లింది. తొట్టి నిండుగా ఉంది. కానీ ఇంటివాళ్లు ముంచుకోమనకుండా ఒకరి తొట్టిలో ఇంకొకరు చెయ్యి పెట్టని ఊరది.

"అక్కా, ఒక బిందె నీళ్లు ముంచుకుంటా."

ఆ మాట అని, బిందె చంకన పెట్టుకుని, చాలాసేపు అక్కడే నిలబడింది.