పాలిచ్చే తల్లి కోసం

పెరటి కంచె దగ్గర నిలబడి ఎవరో పిలుస్తున్నారు.

నాగరత్నం విసుక్కుంటూ బయటికి వచ్చింది. చూస్తే, రోడ్డు పనికి కంకర కొట్టే మొగులమ్మ. తల తెల్లగా ఉంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. వీపున గుడ్డలో ఒక పసిపిల్ల.

"పిలగాడు పొద్దటిసంది ఏడుస్తున్నడు. ఏమైందమ్మా, జెర చెప్పు."

నాగరత్నానికి ఒళ్లు మండింది. అండీ లేదు, గారూ లేదు. తనేదో దాని ఈడుదైనట్టు ఆ పిలుపేమిటి?

కొడుకు సూర్యప్రకాశరావుకు సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగమని భీమవరం వదిలి పటాన్‌చెరు పక్కన ఈ క్వార్టర్సుకు వచ్చింది మొదలు ఆమెకు ఇక్కడి నీళ్లు నచ్చలేదు, బియ్యం నచ్చలేదు, మనుషులు అసలే నచ్చలేదు. వీళ్లది తెలుగేనా అని కోడల్ని అడిగేది. ఈ మాటలు నేర్చుకునే ఖర్మ తనకు పట్టలేదని గర్వంగా చెప్పుకునేది.

మనవడు ఏడవక ఏం చేస్తాడు? కాన్పు కాగానే కోడలు నాగేశ్వరికి పడ్డ పాలు చిక్కగా, పచ్చగా ఉంటే, అవి చెడ్డపాలని తీర్పు చెప్పి పిండి పారబోయించింది ఈ మహాతల్లే. బిడ్డకు పంచదార నీళ్లు పట్టించింది. పిల్లాడు నోరు పెట్టని రొమ్ముల్లో పాలు గడ్డకట్టి నాగేశ్వరికి జ్వరం వచ్చింది. ఆ తర్వాత అవీ ఇంకిపోయాయి. తల్లిలేని పిల్ల, అత్తగారికి ఎదురుచెప్పే ధైర్యం ఎక్కడిది?

ఇక డబ్బాపాలు మొదలుపెట్టారు. అవి బాబు కడుపులో నిలవలేదు. విరేచనాలతో పిల్లాడు వడలిపోయాడు. డాక్టరు చూసి, తల్లిపాలు పడితేనే వీడు దక్కుతాడు, నా మందులతో అయ్యే పని కాదన్నాడు.

అందుకే సూర్యప్రకాశరావు సెలవు పెట్టి, పాలిచ్చే తల్లి కోసం తిరుగుతున్నాడు. క్వార్టర్సన్నీ అయ్యాయి, పటాన్‌చెరు అయింది. ఇవాళ సంగారెడ్డి వెళ్లాడు. ఏ కులమైనా సరే, బిడ్డ తల్లి దొరికితే చాలు, కాళ్లు కడిగి తెచ్చుకుంటానని నాగరత్నమే చెప్పి పంపింది.

ఈ గోలంతా కంకర మనిషికెందుకు అనుకుందామె. కానీ కిటికీ దగ్గర పడుకున్న నాగేశ్వరి, పాలు లేవని చెప్పేసింది.

మొగులమ్మ కంచె మీదికి వంగింది.

"పిలగాన్ని ఇడవకుండ రొమ్ముకు పెట్టు బిడ్డా. వాడు గుంజుతుంటెనే పాలు దిగుతయ్. గంతదాంక నాకియ్యి, నేను తాపుత."

"నువ్వా?" నాగరత్నానికి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. "నీ వీపు మీది పిల్లకు నువ్వేమవుతావే?"

"దీని అవ్వను."

"విన్నావుటే నాగేశ్వరీ? అవ్వ పాలిస్తుందిట!"

మొగులమ్మ ఇంకేదో చెప్పబోయింది. ఆ భాష వినే ఓపిక నాగరత్నానికి లేదు. తలుపు వేసేసింది.

మొగులమ్మకు సిగ్గూ లేదు, రోషమూ లేదు. మర్నాడు మళ్లీ వచ్చి కంచె మీదుగా చేతులు చాపింది. ఒకసారి ఇచ్చి చూద్దాం అత్తయ్యా అని నాగేశ్వరి గొణిగింది. ఎండిపోయిన ముసలిదాని రొమ్ము చీకి నా మనవడు ఆకలి తీర్చుకోవాలా అని కసిరి, నాగరత్నం వాచ్‌మన్‌ను కేకేసింది. మొగులమ్మ వెళ్లిపోయింది. రోడ్డు పని అయిపోయి ఆ జట్టంతా కాజీపల్లి దిక్కు తరలింది.

సంగారెడ్డిలో ఒక బాలింత దొరికింది. రేపు వస్తానంది.

ఆ మధ్యాహ్నమే బాబు ఏడుపు ఆపేశాడు.

బాబును మట్టిచేసి వారమైంది. గేదెపాలు పోసే పెద్దరాములు గుమ్మంలో నిలబడి తల దించుకుంటే, నాగరత్నానికి దుఃఖంతోపాటు పాత కోపమూ పొంగుకొచ్చింది. మీ దేశంలో పసివాడికి గుక్కెడు పాలిచ్చే తల్లి కరువైపోయిందని తిట్టిపోసింది. పైగా ఒక ముసలిది, వీపున మనవరాలిని కట్టుకుని, తానే పాలిస్తానని వేళాకోళానికి వచ్చిందని చెప్పింది.

"ముసల్దెవరమ్మా?" అన్నాడు పెద్దరాములు.

"ఆ కంకర కొట్టే మొగులమ్మ. పిల్లకు అవ్వనని దాని నోటితోనే చెప్పింది."

పెద్దరాములు పాలచెంబు కింద పెట్టాడు.

"మొగులమ్మ ముసల్ది గాదమ్మా, నీ కోడలికన్న నాలుగేండ్లు పెద్దుంటదేమో. నెత్తి మీది తెలుపు కంకర దుమ్ము. మా దిక్కు అవ్వంటె కన్నతల్లి."

నాగరత్నం తలుపు పట్టుకుంది. లోపల మంచం మీద నాగేశ్వరి లేచి కూర్చున్న చప్పుడైంది.

"వాళ్ల జట్టుల ఒకామె కాన్పుల సచ్చిపోయింది," అన్నాడు పెద్దరాములు మెల్లగా. "ఆమె కొడుకు మొగులమ్మ పాలతోనే బతికిండు."